అత్తయ్య హార్మోనియం స్ప్రింగు

నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరికీ తెలుసు. బందరులో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్లో ఇంకా బాగా తెలుసు. కంప్యూటర్లో యంత్ర భాగాలు గీయడం నేర్పిస్తాను. బోల్టు, నట్టు, పుల్లీ దాకా పిల్లలు బుద్ధిగానే వస్తారు. స్ప్రింగు పాఠం మొదలైందంటే నా గొంతు పక్కనున్న జిరాక్సు షాపులో కూడా వినిపిస్తుంది. అంత చికాకు పెట్టే పాఠం ఇంకొకటి లేదు.

ఆ స్ప్రింగు ఒకసారి మా అత్తయ్య కోసం గీయాల్సి వచ్చింది.

అత్తయ్య దివిసీమలో, పులిగడ్డ దాటి లోపలికి వెళ్తే వచ్చే ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. ఆదివారం మాత్రం ఆ ఊరి చర్చిలో హార్మోనియం వాయిస్తారు. ఒళ్ళో పెట్టుకుని వాయించేది కాదు, బల్లంత ఎత్తుండి కింద రెండు పెడళ్ళు కాళ్ళతో తొక్కాల్సిన పాతకాలం హార్మోనియం. కోడలిగా వచ్చిన కొత్తల్లో నేర్చుకున్నారట. అప్పటి నుంచి ఆ స్టూలు మీద ఇంకొకరిని కూర్చోనివ్వలేదు. పాట మొదటి వరుస వాయించి ఆపుతారు. కుడి పెడలు ఒక్కసారి గట్టిగా తొక్కుతారు. అది కీచుమంటుంది. వెంటనే చర్చంతా పాట అందుకుంటుంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా కొంచెం నూనె వేయొచ్చు కదా అని నాకు పళ్ళు జివ్వుమనేవి.

విన్నది కూడా ఎన్నోసార్లు కాదు లెండి. ఆదివారం రమ్మని అత్తయ్య ప్రతి వారం ఫోన్ చేసేవారు. నేను క్లాసులున్నాయనో, బస్సులు లేవనో చెప్పి తప్పించుకునేదాన్ని. నాకు పాట రాదు. పొద్దున్నే లేవడం అసలే రాదు.

ఒక ఆదివారం ఆ కుడి పెడలు కిందికి వెళ్ళి మళ్ళీ పైకి రాలేదు. గాలి కొట్టే తిత్తిని పైకి లేపే స్ప్రింగు విరిగిపోయింది. ఆ తర్వాతి వారాలు డోలక్‌తో, తాళాలతో నెట్టుకొచ్చారు కానీ పాట ఒక్కసారీ కలిసి మొదలవలేదట. ముందు మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు, చివరి బెంచీల వాళ్ళు తీరిగ్గా రెండో చరణంలో. హార్మోనియం లేక ఇలా అయిందని అందరూ అన్నారు. సంఘపెద్ద ఒకాయన గుడివాడలో మంచి కీబోర్డు చూసి వచ్చారు. ఈ పాత పెట్టెను ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు. పాస్టరు గారు మెత్తని మనిషి. కోతల పండుగ ఆదివారం దాకా చూద్దాం, ఈలోగా బాగైతే సరే, లేకపోతే కీబోర్డేనని తేల్చారు.

అత్తయ్య ఫోన్లో ఈ కథంతా నవ్వుతూనే చెప్పారు.

"కీబోర్డుకి కాళ్ళతో పని లేదమ్మాయ్. నా కాళ్ళు ఆడకపోతే చేతులకి ఏమీ గుర్తురాదు. ఇంక నేను కూడా బెంచీలో కూర్చుని పాడుకోవడమే."

ఆవిడ నవ్వారు కానీ నాకు నవ్వు రాలేదు. ఆవిడ లేని ఆ స్టూలు నేను ఊహించుకోలేకపోయాను. ఆ ముక్కలు పట్టుకుని రేపే బందరు రండి, సంగతి నేను చూస్తానని చెప్పేశాను.

స్టీలు టిఫిన్ డబ్బాలో స్ప్రింగు ముక్కలు తెచ్చారు. తుప్పు రాలుతోంది. తీరా చూస్తే అది మేము క్లాసులో చెప్పే తిన్నటి స్ప్రింగు కాదు, కింద వెడల్పుగా ఉండి పైకి పోనుపోను సన్నబడే రకం. ముక్కలు జత చేసి కొలతలు తీశాను. ముందు ఒక వలయం గీసి, దాని మీద నుంచి మెలికలు తిరుగుతూ పైకి లేచే గీత తీయాలి. ఆ గీత కొసన తీగ మందమంత చిన్న వలయం పెట్టి, దాన్ని గీత వెంట చివరిదాకా నడిపించాలి. అది నడిచిన దారే స్ప్రింగు అవుతుంది. చెప్పడానికి ఇంతే. మొదటిసారి అది తలకిందులుగా వచ్చింది. రెండోసారి చుట్టుకీ చుట్టుకీ ఎడం చాలక, ఒకదాంట్లో ఒకటి దూరుతున్నాయని కంప్యూటరు ఎర్ర అక్షరాలతో మొండికేసింది. నేను దాన్ని తిట్టడం మొదలుపెట్టాను.

అత్తయ్య పక్కన కుర్చీలో కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. పాపం, దాన్నెందుకు కోప్పడతావన్నారు. జంతికలు నొక్కేటప్పుడు గిద్దలు తొందరగా తిప్పితే చుట్ట మీద చుట్ట పడదా, నిదానంగా తిప్పమన్నారు. గిద్దలకీ దీనికీ సంబంధం లేదని వాదించాను, ఎడం పెంచాను, స్ప్రింగు వచ్చింది. తిత్తి పలక మీద ఒరిగిపోకుండా రెండు కొసలూ చదును చేసి, తెర మీద గుండ్రంగా తిప్పి చూపించాను. ఆవిడ వేలితో తెరను నొక్కి చూశారు, లోపలికి పోతుందేమోనని.

"ఈ తుప్పు స్ప్రింగుతోపాటు ఆ కీచుగోల కూడా వదిలిపోతుంది అత్తయ్యా," అన్నాను గొప్పగా.

"హమ్మయ్య," అన్నారు ఆవిడ.

కొలతల కాగితం పట్టుకుని పామర్రు మీదుగా గుడివాడ వెళ్ళి, రైసుమిల్లు యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో ఇచ్చాను. ఒకటే మారిస్తే పెడళ్ళు రెండూ సమంగా లేవవని జత చేయించాను. చేతికొచ్చినప్పుడు నిగనిగలాడుతున్నాయి. నా తెర మీదున్నది అచ్చంగా అరచేతిలోకి రావడం నాకది మొదటిసారి. బస్సులో దారంతా నొక్కి వదులుతూనే ఉన్నాను. పక్క సీటావిడ కొంచెం జరిగి కూర్చుంది.

కోతల పండుగ ముందురోజే కొత్త స్ప్రింగులు బిగించాం. ఆదివారం చర్చి నిండిపోయింది. వేదిక ముందు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోడిపుంజు ఒకటి. సంఘపెద్ద ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. అత్తయ్య స్టూలెక్కారు. మొదటి వరుస వాయించారు. తిత్తి ఊపిరి నిండుగా ఉంది, స్వరం ఎక్కడా వణకలేదు. ఆపారు. కుడి పెడలు గట్టిగా తొక్కారు. మెత్తగా కిందికి వెళ్ళి, మెత్తగా పైకి వచ్చింది.

ఎవరూ పాడలేదు.

అందరూ నోళ్ళు సగం తెరిచి ఎదురుచూస్తున్నారు. అత్తయ్య మళ్ళీ మొదటి వరుస వాయించారు, మళ్ళీ తొక్కారు. ఎవరో ఒకరు అందుకుని, తోడు రాక ఆగిపోయారు. కోడిపుంజు ఒక్కటే అరిచింది. సంఘపెద్ద పాస్టరు గారి వైపు చూశారు. అత్తయ్య మెడ వెనక చెమట నాకు కనిపించింది. నేను కూడా అందరిలాగే ఊపిరి పీల్చడానికి దేనికోసమో ఆగి ఉన్నాను. ఏమిటా అనుకోగానే తెలిసిపోయింది. కొలతలన్నీ సరిగ్గా తీసి, వీళ్ళకి కావలసిన ఒక్కదాన్నీ నేనే తీసి పారేశాను.

అత్తయ్య మూడోసారి వరుస వాయించి ఆపారు. ఆవిడ కాలు కిందికి వెళ్ళగానే, ఆడవాళ్ళ బెంచీల మధ్య నుంచి నేను నోటితో గట్టిగా కీచుమన్నాను.

చర్చంతా ఒక్క గొంతై లేచింది.

ఆరాధన అయ్యాక కీబోర్డు మాట ఎవరూ ఎత్తలేదు. సంఘపెద్దగారు గుమ్మడికాయల వేలంపాటలో పడిపోయారు. అత్తయ్య స్టూలు దిగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు. నవ్వు ఆపుకోలేకపోతున్నారు.

"పొద్దున ఏడింటి బస్సుకి వచ్చెయ్యి అమ్మాయ్, ప్రతి ఆదివారం. నువ్వు లేకపోతే హార్మోనియం పలకదు."