చుక్క పడని పని

కొత్తవాడ గల్లీలో ఎవరి కారు బానెట్ లేచినా నయీముద్దీన్ కుర్చీ అరుగు చివరికి జరుగుతుంది. నలభై ఏళ్లు మెకానిక్‌గా చేసి, మోకాళ్లు అరిగి షెడ్డు మూసేసిన మనిషి. నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, దాని వయసు చెప్పేవాడు. ఇప్పుడు ఇతరులు పని చేస్తుంటే కారు కింద నేల చూస్తాడు. మరక కనిపిస్తే ఆ రోజంతా హుషారుగా ఉంటాడు. ఈ ఆదివారం బానెట్ ఎత్తింది ఎదురింటి రమ, దవాఖానలో నర్సు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని స్టీరింగ్ ఆయిల్ మారుస్తోంది. పైపు విప్పడం, చొక్కా నిండా నూనె కారడం, ఇదే ఆయనకు తెలిసిన పద్ధతి. ఆమె మాత్రం సూది లేని పెద్ద సిరంజితో బానెట్ కింద స్టీరింగ్ డబ్బాలోని పాత నల్ల నూనెను నెత్తురు తీసినంత నిదానంగా లాగి సీసాలో వదిలింది. ఎర్రటి కొత్త నూనె పోసింది. ఒలుకుతుందేమోనని ఆయన మెడ చాచాడు. ఒక్క చుక్క పడలేదు.

“స్టీరింగ్ తిప్పాలె బిడ్డా, లేకుంటే లోపల గాలి ఉంటది,” అన్నాడు, అదొక్కటైనా ఆమెకు తెలియదేమోనన్న ఆశతో.

“గదే చేస్తాన చాచా. జర ఈ నూనె మంచిదేనా చూడుర్రి,” అని రమ ఆయన వేలి మీద ఒక చుక్క వేసింది.

రుద్దాడు, వాసన చూశాడు. వంక దొరకలేదు. “నడుస్తది,” అని లోపలికి పోయాడు.

అన్నం పెట్టి భార్య రహీమాబీ చేయి కడుక్కోమంది. ఆయన ఇంకోసారి వేళ్లు వాసన చూసుకుని, కడుక్కోకుండానే చెంచా అడిగాడు.