తెర వెనక మామ్మగారి ఓటు

ఎన్నికలంటే నాకు పూనకం. ఏ దేశానివైనా సరే. మొన్న చెక్ దేశం ఎన్నికలకి నేను హడావుడి పడుతుంటే, ఇక్కడ గల్ఫ్‌లో, మహబూలా అనే పేటలో నా గదిలో ఉండే కోనసీమ ఆయన పడీపడీ నవ్వాడు. "ఏటండి బాబూ, అక్కడ తవరికి ఓటుందేటండి?"

ఓటు మా ఇంజనీరు సారు తల్లిది. మా పక్క పేట ఫింటాస్‌లో కొడుకు దగ్గర కొన్నాళ్ళుండటానికి వచ్చింది. నేను వాళ్ళ డ్రైవర్ని. ఆవిడని మామ్మగారూ అంటాను. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే కాబట్టి బాగా కుదిరింది. వాళ్ళ చరిత్రంతా కారులోనే చెప్పింది. ఒకప్పుడు వియన్నా రాజుల ఏలుబడిలో బళ్ళలో, కచేరీల్లో జర్మన్‌దే పెత్తనమట. చెక్ అంటే పనివాళ్ళ భాషని చిన్నచూపట. పట్టుదలగా పుస్తకాలు రాశారు, చందాలేసుకుని నాటకశాల కట్టుకున్నారు, ఆ ఊపులోనే పార్టీ పెట్టారు. పెద్దలు మెతకబడ్డారని కుర్రకారు విడిపోయి ఇంకోటి పెట్టారు. నేను ఆగలేక తెలుగులోనే అరిచేశాను. "మాదీ అంతేనండి! మా రాష్ట్రం పుట్టిందే బాస కోసవండి!"

తర్వాత ఒకటే పార్టీ, నలభై ఏళ్ళు, అంది. ఆ రోజులు పోయినప్పటి నుంచి ఒక్క ఓటూ వదల్లేదట. ఇది తప్పితే ప్రాణం పోయినట్టేనంది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి వాళ్ళ ఎంబసీలో పోలింగ్ ఖలాస్. దారిలో ఏదో యాక్సిడెంటు, బళ్ళు కదలవు. "యల్లా, యల్లా!" పద పదమని, ఇక్కడ నేర్చుకున్న అరబ్బీలో వెనక సీట్లోంచి మామ్మగారే అరుస్తోంది. సందుల్లోంచి తిప్పి తిప్పి, మూసేలోపు గేటు ముందు దింపాను. నేనే గెలిచినంత సంబరపడ్డాను.

ఆవిడ తర్వాత వెళ్ళినవాళ్ళు కూడా వచ్చేశారు. ఈవిడ రాదు. కారు దిగి గేటులోంచి తొంగి చూశాను. చివరికి వచ్చింది. వేలు చూపించమన్నాను. సిరా లేదు! వాళ్ళకి పూయరట. ఊరుకోలేక, మా ఊళ్ళో అడిగినట్టే అడిగేశాను. "ఎవరికేసేరండి?"

ఆవిడ మొహం మారింది. కారెక్కాక చెప్పింది. ఆ ఒకే పార్టీ రోజుల్లో చీటీ అందరూ చూస్తుండగా పెట్టెలో వేయాలి. తెర ఉండేది గానీ, దాని వెనక్కి వెళ్ళినవాణ్ణి గుర్తుపెట్టుకునేవారు. ఆవిడ భర్త వెళ్ళాడు. బడిపంతులు ఉద్యోగం ఊడి, బొగ్గు మోశాడు. వరసలో ఆయన వెనకే ఉన్న ఈవిడ, చంకలో పిల్లాణ్ణి చూసుకుని, అందరి ముందే వేసేసింది.

"ఇప్పుడు అందరం తెర వెనకే వేస్తాం," అంది. "ఆ రోజు ఆయన పక్కన నిలబడలేదు. అందుకే నా ఓటు అయిపోయాక కూడా కాసేపు అక్కడే నిలబడతాను."