వాడకట్టులో ఖాళీ ఇండ్లు

వీరభద్రం గీసిన ప్రతి ప్లానులోనూ ఎవరూ అడగని బొమ్మ ఒకటి ఉండేది. తొంభైల మొదట్లో, మేడ్చల్ బస్సు డిపో దగ్గరి సందులో ఒక ఇంజనీరు ఆఫీసులో కూర్చుని, ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో లేఅవుట్లు గీసేవాడు. ముప్పై అడుగుల రోడ్లు, ప్లాట్ల నంబర్లు, ఉత్తరం చూపే బాణం, కింద మూలన సర్వే నంబరు. అన్నీ అయ్యాక, పార్కు అని రాసిన చోట ఒక బెంచీ గీసి, దాని మీద పేపరు చదువుకుంటున్న మనిషిని కూర్చోబెట్టేవాడు. మనిషంటే చీమంత. నకలు తీస్తే, అమ్మోనియా వాసన కొట్టే ఆ ప్రింటులో అతను మసక చుక్కగా మిగిలేవాడు.

"ఈయనెవరయ్యా? ఈయనకేమన్న ప్లాటు రాసిచ్చినమా?" అని ఇంజనీరు నవ్వేవాడు.

"ఉండనీయండి సార్. అంత జాగల ఒక్కడన్న ఉండాలె గద."

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మూడు రోజుల పని పూటలో అయిపోయేది. చెట్లు, కార్లు రెడీమేడ్‌గా దొరికేవి, బెంచీ మీది మనిషి మాత్రం దొరకలేదు. వీరభద్రం అతన్ని కొన్నాళ్లు వెతికి వదిలేశాడు. ప్లానులో పోయిన మనుషుల్ని ఇంకెక్కడైనా పెట్టుకోవాలన్న కోరిక మాత్రం లోపల ఎక్కడో ఉండిపోయింది. వెబ్ పేజీలు తయారుచేయడం నేర్పే లావుపాటి పుస్తకం ఒకటి కొని, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో రోజూ తెల్లవారుజామున దాంతో కుస్తీ పట్టాడు.

అలా పుట్టింది 'వాడకట్టు'. ఇంటర్నెట్లో ఆడే ఆట. తెర మీద ఒక వీధి పటం, పటంలో చిన్న చిన్న గడులుగా ఇండ్లు. ఆ వాడలో ఏదో ఒకటి పోయి ఉంటుంది. మేక కావచ్చు, తాళంచెవి కావచ్చు. కుడికి, ఎడమకు తిరుగుతూ దాన్ని పట్టుకోవాలి. కావాలంటే ఏ ఇంటి తలుపైనా తట్టవచ్చు. అప్పట్లో తెలుగక్షరాలు అన్ని కంప్యూటర్లలోనూ సరిగా కనబడేవి కావు కనుక ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాశాడు. మొదటి వాడకు నాలుగు నెలలు పట్టింది. ఇరవై నాలుగు ఇండ్లు, ఇరవై నాలుగు తలుపులు. ప్రతి తలుపు వెనకా ఒక మనిషిని పెట్టాడు.

రైల్వే స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్ నడిపే నర్సయ్యకు ఆట నచ్చింది. ఆదివారం పొద్దున తన పది కంప్యూటర్లూ దానికే కేటాయించాడు. ఒక షరతు పెట్టాడు.

"తమ్మీ, సీట్లు నిండినన్ని రోజులు ఆదివారం నీది. సీట్లు ఖాళీ అయినయనుకో, నా తిప్పలు నాకున్నయ్. ఫోటోల పని వెట్టుకుంట. మల్ల మనసుల వెట్టుకోవద్దు."

2005 వేసవి మొదట్లో మొదటి వాడ తెరుచుకుంది. పది సీట్లూ నిండాయి. గాజులరామారం నుంచి అన్వేష్ అనే డిగ్రీ కుర్రాడు బస్సెక్కి వచ్చాడు. గుండ్లపోచంపల్లి కొత్త కాలనీ నుంచి శ్రీలేఖ వచ్చింది. ఆమెది కోస్తా వైపు ఊరు. ఇక్కడి ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెబుతుంది. పది గంటలకు ఆట మొదలైంది. పది దాటి నాలుగు నిమిషాలకు శ్రీలేఖ చెయ్యెత్తింది.

"మేక దొరికిందండీ!"

"నాకు మూడున్నర నిమిషాల్నే దొరికింది," అన్నాడు అన్వేష్. "అన్నా, మస్తున్నది. రెండో వాడ ఏది?"

నాలుగు నెలల పని నాలుగు నిమిషాల్లో అయిపోయింది. అడిగేవాళ్లు ఉండటం కూడా సంతోషమే కదా అనుకున్నాడు వీరభద్రం. నెలలో ఇస్తానన్నాడు. ఆ నెల రోజులూ ఆటలో, ఆడేవాళ్లు రాసే సందేశాల పుస్తకంలో ఒకటే గోల. 'అన్నా నిద్రపోయినవా?' 'కొత్త వాడ వచ్చేలోపు నా పెండ్లి అయితది.' 'మేము వేరే ఆటకు పోతున్నం, సలాం.' నెల కాస్తా పదిహేను రోజులైంది, పదిహేను రోజులు వారమయ్యాయి. వాడలు పెరిగాయి. రెండో వాడలో ముందు ఐదిండ్లకే మనుషుల్ని రాయగలిగాడు. మూడో వాడ నుంచి ఎవర్నీ రాయలేదు. ఎవరూ తట్టని తలుపుల వెనక ఎవరుంటే ఏమిటి?

"గా ఆట నీది గాదు, నువ్వే దాని పాలేరువైనవ్," అంది భార్య రాధమ్మ, చల్లారిన అన్నం ముందుకు జరుపుతూ.

ఎనిమిది వాడల తర్వాత చేతిలో కొత్త పటం ఏదీ మిగలలేదు. శనివారం సాయంత్రం ఆఫీసులో కూర్చుని ఉంటే, కంప్యూటర్లో లక్ష్మణ్ పటేల్ వాళ్ల పదకొండు ఎకరాల ప్లాను తెరిచి ఉంది. కండ్లకోయ పక్కన ఉన్న పొలం, ఇంకా పర్మిషన్‌కు కూడా పోలేదు. రోడ్లున్నాయి, నంబర్లున్నాయి, మధ్యలో పూడ్చబోయే పాత మోటబావి కూడా ఉంది. వీరభద్రం పేర్లు మార్చి, బావిలో ఒక బిందె పోయినట్టు రాసి, అదే తొమ్మిదో వాడగా పెట్టేశాడు. పేర్లన్నీ మార్చాడు గానీ ఒకటి మరిచాడు. సర్వే నంబరు లేని ప్లాను బయటికి పోకూడదని పదిహేనేళ్లుగా అలవాటైన కన్ను, కింద మూలన ఉన్న ఆ నంబరును తప్పుగా చూడలేదు. అది లేకుంటేనే వెలితిగా తోచేది.

ఆదివారం అన్వేష్ ఆ పటాన్ని ప్రింటు తీసుకుని ఇంటికి పట్టుకుపోయాడు. వాళ్ల మేనమామకు భూముల బ్రోకరు పని. ఆయన పటం తిప్పి చూశాడు, సర్వే నంబరు చూశాడు, చొక్కా తొడుక్కున్నాడు.

సోమవారం పొద్దున లక్ష్మణ్ బుల్లెట్ ఆఫీసు ముందు ఆగింది.

"వీరభద్రం! బయటికి రా!"

"ఏమైంది పటేలా?"

"ఏమైందంటవా? పొద్దుగాల పండ్లు తోముకుంటున్న. నలుగురు మిఠాయి డబ్బ వట్టుకొని వచ్చిండ్రు. నలభై ఏడో నంబరు కార్నర్ బిట్టు, ఈస్ట్ ఫేసింగ్, మాకే ఇయ్యాలె అంటున్నరు. నా భూమిల నలభై ఏడో నంబరు ఉన్నదని నాకే సక్కగ ఎరక లేదు, వాళ్లకెట్ల ఎరక? ఏందిర బై అంటే, ఇంటర్నెట్ల సూసినం అన్నరు!"

వీరభద్రం తలుపు దగ్గరగా వేసి, బండి పక్కకు వచ్చాడు.

"ఇంకోటి సెప్పాల్నా? బాయి పూడుస్తున్నమని మా అమ్మకు నేనింక చెప్పనే లేదు. వాళ్లు ఆమె ముంగటనే, బాయి మీద కట్టుకుంటే వాస్తు మంచిదేనా అమ్మా అని అడిగిండ్రు!"

"తప్పయింది పటేలా. గిప్పుడే తీసేస్త."

తీసేశాడు. సందేశాల పుస్తకంలో తొమ్మిదో వాడ లేదని, పదోది ఎప్పుడో తెలియదని రాశాడు. తర్వాతి ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. పాత వాడల్లో కాసేపు తిరిగి పదిన్నరకల్లా ఒక్కొక్కరే లేచారు. అన్వేష్ పోతూ పోతూ, "అన్నా, కొత్తదొస్తే మిస్డ్ కాల్ ఇయ్యి," అన్నాడు. శ్రీలేఖ ఒక్కతే మిగిలింది. నర్సయ్య ఖాళీ కుర్చీలను ఒక్కొక్కటిగా టేబుళ్ల కిందికి తోశాడు.

అప్పుడు ఆటో దిగి ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. నుదుటన రూపాయంత బొట్టు, చేతిలో గొడుగు. లక్ష్మణ్ తల్లి విజయమ్మ.

"ఈడ వీరభద్రం ఎవలు?"

"నేనేనమ్మా." తిట్లకు సిద్ధపడి లేచి నిలబడ్డాడు.

"నా బాయి ఆటల వెట్టినవట. యాడున్నదో సూపియ్యి."

"తీసేసినమ్మా. పటేల్ గరమైండు."

"వానిదేమున్నది, గరమైతడు, సల్లబడతడు. గింత దూరమొచ్చిన, ఉట్టిగనే పోవాల్నా? ఉన్నది సూపియ్యి మరి."

శ్రీలేఖ పక్కకు జరిగి కుర్చీ చూపింది. "కూర్చోండమ్మా. నేను చదివి చెబుతాను. మీరు ఎటు వెళ్లమంటే అటు వెళ్దాం. ఇక్కడ ఒక మేక తప్పిపోయింది, దాన్ని వెతకాలి."

"ఎవరి మేక?"

శ్రీలేఖ తడబడింది. మేకను మూడుసార్లు పట్టుకుంది గానీ అది ఎవరిదో ఎప్పుడూ అనుకోలేదు. "తెలీదండీ."

"తెల్వకుంటే పట్టుకొని ఎవరికిస్తవ్? అడుగుదాం పా. గా మొదటి ఇంటి తలుపు కొట్టు."

శ్రీలేఖ తలుపు తట్టింది. తెర మీద వచ్చిన అక్షరాలు చదివింది: "సత్తెమ్మ జొన్నరొట్టె కాలుస్తోంది. చెప్పులు బయట విడిచి రా, ఇప్పుడే అలికిన, అంది."

విజయమ్మ వంగి తన కాళ్ల వైపు చూసుకుంది. నర్సయ్య ఫక్కున నవ్వాడు. "నగుతవేందయ్య, అలికినంక తొక్కితే నువ్వలుకుతవా?" అంది ఆమె. "ఇగ రెండో ఇల్లు కొట్టు బిడ్డా."

రెండో ఇంట్లో రేడియో బాగుచేసుకునే ముసలాయన, చెవి వినబడక ప్రతి ప్రశ్నకూ పంటల ధరలు చెబుతాడు. ఆరో ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు మాటలు మానేసి, వచ్చినవాళ్ల చేతనే ఒకరికొకరు కబురు పంపుతారు. విజయమ్మ ఆ కబుర్లన్నీ అటూ ఇటూ మోయించింది. "చెప్పు, గట్టిగ చెప్పు, ఉప్పు డబ్బ ఆమెనే తీసిందట!" అంటూ శ్రీలేఖ భుజం తట్టింది. మేక పదిహేడో ఇంటి దూడల కొట్టంలో దొరికింది. అప్పటికి గంటంపావు గడిచింది. మేక దొరికాక కూడా విజయమ్మ మిగిలిన ఏడిండ్లూ తట్టనిదే కదలలేదు.

శ్రీలేఖ వెనక్కి తిరిగింది. "వీరభద్రం గారూ, ఈ వాడని నేను నాలుగు నిమిషాల్లో అవగొట్టేశాను. ఇంతమంది ఉన్నారని ఒక్కమాటైనా చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలే మేడం."

రెండో వాడలోకి వెళ్లారు. ఐదిండ్ల దాకా బాగానే సాగింది. ఆరో తలుపు తట్టారు. 'ఎవరూ లేరు.' ఏడోది, ఎనిమిదోది అంతే. మూడో వాడకు పోయారు. మొదటి తలుపు దగ్గర్నుంచే 'ఎవరూ లేరు'.

విజయమ్మ గొడుగు ఒళ్లో పెట్టుకుని తెర మీదికి వంగింది.

"గిదేంది బిడ్డా, ఊరంత యాడికి వోయిండ్రు? జాతరకా?"

నర్సయ్య దుమ్ము లేని కీబోర్డును గుడ్డతో తుడవసాగాడు.

"మనుషులు లేని ఇండ్లు గిన్ని ఎందుకు కట్టినవ్ వీరభద్రం? మా వోడు గూడ గిట్లనే ఊరి సుట్టు రాళ్లు పాతుతుండు. పొద్దుగూకితే దీపం పెట్టేటోడు ఒక్కడు కనవడడు."

వీరభద్రానికి ఎన్నడో ఇంజనీరుకు తాను చెప్పిన మాట జ్ఞాపకం వచ్చింది. అంత జాగలో ఒక్కడన్నా ఉండాలె. ఆ ఒక్కణ్ణి తెచ్చుకోవడానికే కదా ఈ ఆట మొదలుపెట్టింది! జనం తొందరపెట్టారన్న మాట నిజమే. తొందరపడింది మాత్రం తను.

"జల్దీ జల్దీ అడిగిండ్రమ్మా. పరేషాన్‌ల అట్ల కట్టిన," అన్నాడు.

"అడుగుతరు. ఆకలైనోడు అడగడా? అట్లని ఉడకని అన్నం పెడ్తవా?" లేచి చీర సర్దుకుంది. "బాయి మల్ల పెట్టు. దాంట్ల నీళ్లు లేక పదేండ్లాయె, పూడిస్తే పూడ్చనీ, ఆటల ఉండనీ. మావోనికి నేను చెప్త. ఆ నంబరొక్కటి తీసెయ్యి, లేకుంటే మల్ల మిఠాయి డబ్బలు వస్తయ్."

ఆ రోజే వీరభద్రం సందేశాల పుస్తకంలో రాశాడు. 'పదో వాడ దసరా దాకా రాదు. పాత వాడల్లో నూట అరవై ఇండ్లు ఖాళీగా ఉన్నాయి. అది నా తప్పు. వారానికి కొన్ని ఇండ్లలో మనుషుల్ని పెడతాను. ఏ ఇండ్లో చెప్పను. తలుపు తట్టి చూడండి.' జూన్ నడుస్తోంది, దసరా అంటే నాలుగు నెలలు. నర్సయ్య చదివి తల గోక్కున్నాడు.

"నాలుగు ఆదివారాలు సూస్త తమ్మీ. గంతే."

మొదటి ఆదివారం నలుగురు. రెండో ఆదివారం ముగ్గురు, అందులో ఒకరు విజయమ్మే. 'మీ ఆటకో దండం' అని రాసి పోయినవాళ్లు పోయారు, వాళ్లు మళ్లీ రాలేదు కూడా. వీరభద్రం తెల్లవారుజామున లేచి, పూటకు ఒకటి రెండు ఇండ్లు రాసుకుంటూ పోయాడు. విజయమ్మ చెప్పిన సంగతులు కొన్ని, రాధమ్మ చెప్పినవి కొన్ని అందులోకి ఎక్కాయి. మూడో ఆదివారం శ్రీలేఖ తన బడిలోని ఇద్దరు టీచర్లను వెంటబెట్టుకొచ్చింది. నాలుగో ఆదివారం నర్సయ్య గోడకు ఆనుకుని సీట్లు లెక్కపెడుతుండగా అన్వేష్ రొప్పుతూ వచ్చాడు.

"కొత్త వాడ రాలేదు తమ్మీ," అన్నాడు వీరభద్రం, అతను అడగకముందే.

"అది గాదన్నా. నాలుగో వాడల పన్నెండో ఇంట్ల ఆమె బిడ్డ జరంతోటున్నదని రాసినవ్ గద పోయిన వారం. మా కాడి నెట్ సెంటర్ల సూసిన. నయమైందా?"

వీరభద్రం అతని వైపు తిరిగాడు. ఇన్నాళ్లుగా ఈ కుర్రాడు అడిగింది 'తర్వాతేంది' అని ఒక్కటే.

"పొయ్యి తలుపు కొట్టు, తెలుస్తది," అన్నాడు.

ఆ రోజు ఎనిమిది సీట్లు నిండాయి. నర్సయ్య ఫోటోల పని మాట ఎత్తలేదు. పైగా పటంలో ఒక మూల ఖాళీ ఇల్లు చూపించి, "దాంట్ల నన్ను వెట్టు తమ్మీ, జర తెల్లగ రాయి," అన్నాడు.

దసరా ముందరి ఆదివారం పదో వాడ తెరుచుకుంది. ఇరవై రెండు ఇండ్లు, మధ్యలో మోటబావి, మూలన సర్వే నంబరు లేదు. ఈసారి బావి గట్టు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్న మనిషి ఒకడున్నాడు. పది గంటలకు అందరూ ఒకేసారి మొదలుపెట్టారు. సీటు దొరకని ముగ్గురు వెనక నిలబడి మెడలు సాచారు.

పదీ నాలుగు నిమిషాలకు వీరభద్రం అలవాటుగా గోడ గడియారం చూశాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. పదకొండైంది. అన్వేష్ ఇంకా మూడో ఇంటి దగ్గరే ఉన్నాడు, ఎవరితోనో వాదం పెట్టుకున్నట్టున్నాడు, కీబోర్డు టకటకా కొడుతున్నాడు. చివరి సీటులో శ్రీలేఖ చదువుతుంటే విజయమ్మ, "ఆగాగు, ఆమె ఇంక కూసోమనలే, నువ్వే లేచొస్తే ఎట్ల?" అని గదమాయిస్తోంది.

ఇంకా పందొమ్మిది ఇండ్లున్నాయి. వీరభద్రం చెప్పులు తొడుక్కుని, చాయ్ తాగడానికి రోడ్డు దాటాడు.