నీళ్ల దిక్కు తలుపు

మా బావ ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో, ఇంట్లో, పప్పుకు పోపు పెడుతున్నాను. "అమ్మ పోయింది. నిద్రలనే పోయింది. పొద్దున చాయ్ తీస్కపోయి లేపితే లేవలే" అన్నాడు. పొయ్యి ఆపేసి అక్కడే పీట మీద కూలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది. అంతకంటే ముందు గుండెల మీది నుంచి ఏదో దిగినట్టు "హమ్మయ్య" అనిపించింది. మేనత్త చనిపోతే అనాల్సిన మాట కాదని నాకూ తెలుసు. కానీ ఆమె తన తలుపు తీసి చూసుకుని పోయింది. ఆ కోరిక తీరకుండానే పోయి ఉంటే మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయేవాళ్లం.

అత్తది తిమ్మాజిపేట. ఆమె పెరట్లో ప్రహరీ పక్కన ఒక చక్రాల గది ఉండేది. రేకు గోడలు, చెక్క నేల, రెండు కిటికీలు, ఒక తలుపు. ఒకప్పుడు కాలువ పనులు చేయించే సార్లు పడుకోవడానికి ట్రాక్టరు వెనక తగిలించుకుని తిప్పిన బండి. మామ ఆ క్యాంపులో డ్రైవరు. పనులు ముగిసి క్యాంపు ఎత్తేసినప్పుడు పాత సామానుతో పాటు దాన్నీ అమ్మేస్తుంటే, ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్నాడు. అందరం దాన్ని క్యాంపు బండి అనేవాళ్లం. మామ పోయాక అందులో కోళ్లు కాపురం పెట్టాయి. పాత సామాన్ల వాళ్లు గేటు ముందు ఆగి బేరం అడిగి పోయేవాళ్లు.

అత్త గుండె బలహీనమైందని నాగర్‌కర్నూల్ దవాఖానాలో చెప్పి పంపిన రోజున మేమంతా ఆమె మంచం చుట్టూ చేరాం. ఏం తినాలనుంది, ఎవరిని చూడాలనుంది అని తలా ఒక మాట అడిగాం. ఆమె విసుక్కుంది.

"నాకేం తినబుద్ధి లేదు. ఆ బండిల పండుకోని పొద్దున తలుపు తీస్తే కృష్ణ కనవడతదని మీ మామ ఊకె చెప్పెటోడు. ఒకనాడు తీస్కపోత అనెటోడు. తీస్కపోకనే పాయె. నాకు ఆ తలుపు తీయాలని ఉంది. ఆ తర్వాత దాన్ని అమ్ముకుంటరో కాలవెడ్తరో మీ ఇష్టం."

అప్పటి నుంచి ఆదివారాలన్నీ ఆ పెరట్లోనే. నేను వనపర్తి నుంచి, మా తమ్ముడు గద్వాల నుంచి వచ్చేవాళ్లం. బావ కొత్త టైర్లు వేయించాడు. పక్క వీధిలో వెల్డింగ్ చేసే భాయ్ కింది ఇనుప చట్రాన్ని అతికాడు. బావ భార్యను నేను అక్కా అంటాను, ఆమే నేనూ గరుకు కాగితాలు పట్టుకుని రేకులు రుద్దాం. అత్త కుర్చీ వేయించుకుని మేస్త్రీలా కూర్చునేది. మాకు రంగు వేసేయాలని ఆత్రం. ఆమె ఒప్పుకునేది కాదు. "రంగు ఆఖరికి. ముందు తుప్పు గీకుండ్రి." అదే మాట వేరే చోట్ల కూడా వాడేది. ఒకసారి నేను మా ఆడబిడ్డతో మాటపట్టింపు వచ్చిందని, చీర పెట్టి కలుపుకుంటానని చెబితే, "చీర తర్వాత పెడుదువుగానీ, ముందు తుప్పు గీకు పిల్లా" అంది. గీకాను. చీర అవసరమే పడలేదు.

సగం పనిలో ఉండగా అత్తకు పట్టింపు వచ్చింది. బండి తలుపు దక్షిణానికి ఉంది.

"దక్షిణం వాకిట్ల నేను పాలు పొంగియ్య. ఇల్లు ఇల్లే, చక్రాలుంటేంది, గోడలుంటేంది" అని భీష్మించింది. ఆమె మాటకు ఎదురు చెప్పిన పాపాన ఎవరమూ పోలేదు. రేకు కోయించి, తలుపు ఊడదీసి, ఉత్తరం వైపు గోడకు బిగించి, పాత కంత మూయించేసరికి రెండు ఆదివారాలు పట్టింది. వేపచెక్కతో గడప కూడా పెట్టించింది. అక్క దానికి పసుపు రాసింది. లోపల పాలు పొంగించాం, బయట చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. ఇల్లు అనుకున్నా బండి అనుకున్నా ఏ మర్యాదకూ లోటు చేయలేదు.

ఆ సాయంత్రం బావ ట్రాక్టరు తగిలించి ఊరి బయటి దాకా తిప్పి తెచ్చాడు. వచ్చి పెరట్లో పెట్టాడు. చూస్తే తలుపు మళ్లీ దక్షిణానికే ఉంది. పోయేటప్పుడు అటు మొహం, వచ్చేటప్పుడు ఇటు మొహం, అంతే. భాయ్ తల గోక్కున్నాడు. ముందు నవ్వింది అత్తే. ఆయాసం వచ్చేదాకా నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంతమందిల ఒక్కరికన్న యాదికి రాలే గదరా, దానికి చక్రాలున్నయని!"

డాక్టరును అడిగే, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు బయలుదేరాం. బండి ముందు, అత్తను కూర్చోబెట్టుకున్న కారు వెనక. ముందు పొమ్మంటే వినలేదు. "ముందుపోతే దాని నడక నేనెట్ల చూస్త?" కొల్లాపూర్ దాకా ఆమె చూపు దాని మీదే. మా చూపు ఆమె ఊపిరి మీద.

పొద్దుగూకే వేళకు ఒడ్డు చేరాం. అత్త పట్టింపు తెలుసు కాబట్టి బావ తలుపు తూర్పుకు రావాలని ట్రాక్టరును ముందుకూ వెనక్కూ తిప్పుతూ తంటాలు పడుతున్నాడు. మేము ఆగినచోట నీళ్లు దక్షిణాన ఉన్నాయి. అత్త కారు అద్దం దించి కేకేసింది.

"ఏం పరేషాన్ గాకురా. తూర్పు మనింటికాడ గూడ ఉంటది. నీళ్ల దిక్కే పెట్టు."

తెల్లారి అందరం ముందే లేచి బయట నిలబడ్డాం. లోపల గొళ్లెం కదిలిన చప్పుడు, ఆగిన చప్పుడు, మళ్లీ కదిలిన చప్పుడు. సాయం చేయబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. తలుపు తెరుచుకుంది. అత్త గడప మీద కూర్చుని చాలాసేపు నీళ్లను చూసింది. మమ్మల్ని చూడలేదు. చివరికి, "మీ మామ అబద్ధం చెప్పలే" అంది.

ఆ తర్వాత ఒక వానాకాలం, ఒక చలికాలం ఉంది మా అత్త. బండి ఉత్తరానికి తిరిగి, ఆమె చెప్పినట్టే బుద్ధిగా నిలబడింది.

పదకొండో రోజు చుట్టాలంతా వెళ్లాక బావ ట్రాక్టరు తెచ్చాడు. తగిలించి, గేటు బయటికి లాగి, తిప్పి తెచ్చి అదే చోట పెట్టాడు. చాయ్ చల్లారేలోపు పని అయిపోయింది. అక్క గడపకు పసుపు రాసి తలుపు తెరిచి, గాలికి పడకుండా కొక్కెం తగిలించింది. లోపల అత్త పరుపు, మడతపెట్టిన దుప్పటి. తలుపు దక్షిణానికి, కృష్ణ ఉన్న వైపుకు, బార్లా తెరిచి ఉంది.