అవతలి కొస నుంచి

తొర్రూరు బస్సు పత్తి చేల తెల్లదనంలో తేలుతున్నట్టుంది. నాకు కునుకు పడుతోంది. పక్కసీటు అమ్మాయికి మర్నాడు మడికొండలో ఇంటర్వ్యూ అట.

"అక్కా, ఎంకరేజ్ అంటే ఏంది?" అని అడిగింది.

"నీతో అవుతుందని ధైర్యం చెప్పడం," అన్నాను.

తను కిటికీలోంచి చూస్తూ అంది: "మా చేన్ల ఎవ్వలు ఏం చెప్పరక్కా. పత్తి ఏరంగ ఒకామె ఎనుకపడితే, తమ వరుస సాలు ఏరుడు అయిపోయినోళ్లు ఆమె సాలుల అవుతలి కొస నుంచి ఏరుకుంట ఎదురొస్తరు."

తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, అందులో రాసుకున్న ఇంగ్లీషు వాక్యాలు అప్పజెప్పసాగింది. ఒక వాక్యం సగంలో తర్వాతి మాట గుర్తురాక ఆగిపోయింది, కళ్లు తడిశాయి.

ధైర్యం చెప్పబోయి, మాని, చేతిలోని ఫోన్ వైపు చూశాను. ఆ వాక్యాన్ని చివరి మాట నుంచి వెనక్కి, ఒక్కొక్క మాటే మెల్లగా చదివాను. నడుమ ఎక్కడో ఆమె గొంతు నాకు ఎదురొచ్చింది.