రెండో షాకబ్జరు

కల్వర్టు మీది గతుకులో పడగానే పికప్పు వెనక భాగం ఒక్క ఎగురు ఎగిరింది. ఎగిరిన బండి దిగి సర్దుకోవాలి. ఇది సర్దుకోలేదు. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది, ఊగుతూనే ఉంది. వెనక క్రేనుకి మూతి వేలాడదీసిన కూరగాయల వ్యాను ఆ ఊపుకి అటోసారి ఇటోసారి లాగడం మొదలుపెట్టింది. రేఖ చేతుల్లో స్టీరింగు తేలిపోయింది. తిప్పితే తిరుగుతోంది గానీ ముందు చక్రాలు మాట వినడంలేదు.

ఎదురుగా బస్సు.

బ్రేకు తొక్కితే వెనకున్న వ్యాను నెట్టుకొచ్చి బండిని అడ్డం తిప్పేస్తుందని ఆమెకు తెలుసు. యాక్సిలరేటరు మీంచి పాదం మెల్లగా తీసి, స్టీరింగు కదలనివ్వకుండా పట్టుకుని కూర్చుంది. బస్సు అద్దం పికప్పు అద్దాన్ని రాసుకుంటూ పోయింది. బండి పక్కకు ఆపి దిగి, ముందు వెనకున్న వ్యాను కట్లు చూసుకుంది.

రేఖది టెక్కలి పక్కన వ్యవసాయపు ఇల్లు. పెళ్ళికి ముందే నాన్న ట్రాక్టరెక్కి దమ్ము చేసిన మనిషి. మేనమామ కొడుకు మోహనకృష్ణకిచ్చి చేశారు. అతనికి నౌపడకి దగ్గర్లో రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డుంది, దారిలో ఆగిపోయిన బండ్లని లాక్కొచ్చే ఈ పికప్పుంది. ఒకరోజు డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేశాడు. అదే పూట హైవే మీద ఆటో బోల్తాపడిందని ఫోనొస్తే, "నాను ఎల్తాను" అని రేఖ తాళం అందుకుంది. మళ్ళీ ఆ తాళం ఇంకొకరి చేతికి పోలేదు. స్టీరింగు ఆమెది, పానాలు అతనివి. ఆడమనిషి బండి లాగుతోందని మొదట్లో నవ్విన లారీవాళ్ళే ఇప్పుడు అర్థించి పిలుస్తారు.

షెడ్డుకొస్తూనే ఆమె బండి వెనక కూర్చుని కిందికి వంగి చూసింది. రెండు షాకబ్జర్ల గొట్టాల మీదా ఆయిలు కారి దుమ్ము పేరుకుంది. వెనక టైర్లు అక్కడక్కడా ఎవరో కొరికినట్టు అరిగాయి.

"బావా, ఇవి సచ్చిపోనాయి. మార్చు."

"మారుద్దాంలే. కమాన్ కట్టలు గట్టిగానే ఉన్నాయి కదేటి?"

"కట్టలు బరువు మోస్తాయి. ఊపు ఆపేది ఇవే కదా? ఇయాల బస్సు కింద పోవలసినదాన్ని."

"ఏదీ, నువ్వు బాగానే ఉన్నావు కదే."

రేఖ లేచి నిలబడింది. తాళాన్ని మేకుకి తగిలించి ఇంట్లోకి పోయింది. మర్నాడు పలాస వైపు నుంచి ఒక పిలుపొచ్చింది. వెళ్ళనంది. ఆ తర్వాత ఇంకొకటి. ఊహుఁ. మోహనకృష్ణ గిన్నెలు విసిరేసినంత పనిచేశాడు గానీ, చివరికి మూతి ముడుచుకునే శ్రీకాకుళం వెళ్ళి కొత్త షాకబ్జర్లు తెచ్చాడు.

వాటిని బిగించడానికి కూర్చున్న రోజున వాయుగుండం పట్టింది. తెల్లారినప్పటి నుంచి ఒకటే వాన. కరెంటు లేదు. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, బండి వెనక భాగం జాకీతో ఎత్తి, చట్రం కింద స్టాండ్లు నిలిపారు. ఎడమ వైపుది తేలిగ్గానే ఊడింది. ఊడిన దాన్ని నిలబెట్టి మోహనకృష్ణ అరచేత్తో నొక్కాడు. బుస్సున అడుక్కి దిగిపోయి, ఇక లేవలేదు. అతను పెళ్ళాం వంక చూసి తల దించుకున్నాడు. కొత్తది ఎక్కించి కుడి పక్కకి జరిగాడు. అక్కడ కింది బోల్టు వచ్చింది గానీ పైన నట్టు తుప్పుతో బిగుసుకుపోయింది.

అప్పుడు ఫోను మోగింది.

"అమ్మా, రికవరీ బండి మీదేనా? నా పేరు భావనారాయణ, వయొలిన్ మాష్టార్ని. గుడిలో కచేరీకి వెళ్తున్నాం. మా వ్యాను గెడ్డ మీద ఆగిపోయిందమ్మా. వాగుకి అడ్డంగా వేసిన కాజ్‌వే మధ్యలో ఉన్నాం. నీళ్ళు పెరుగుతున్నాయి."

"ఎంతమంది ఉన్నారు బాబూ? దిగి నడిచి రాలేరా?"

"నేనూ, మా ఆవిడా, డ్రైవరు గంగరాజు. ఆవిడ కాలు విరిగి కట్టులో ఉంది. ఎత్తుకొద్దామని గంగరాజు దిగితే పాచి మీద జారి, తలుపు దొరకబట్టి బతికాడు. ఫైరింజన్ ఇంకో ఊరి వరదలో ఉందట. గట్టు మీద మనుషులున్నారు గానీ లోపలికి ఎవరూ అడుగు వెయ్యలేకపోతున్నారు."

"అద్దాలన్నీ దించేయండి. తలుపులకి తాళాలు తీసి ఉంచండి. నానొచ్చినదాకా నీట్లో దిగకండి."

మోహనకృష్ణ అప్పటికే బండి కింద నుంచి బయటికొచ్చాడు. "కింది బోల్టు మళ్ళీ ఎట్టేస్తాను. ఈ పక్కకి పాతదే ఉండనీ. ఎల్దాం పద."

"వద్దు బావా."

"వద్దేటే? అక్కడ మనుషులు ములిగిపోతన్నారు!"

"ఒక పక్క కొత్తది పట్టి, ఒక పక్క సచ్చింది ఎగిరితే బండి పక్కకి తన్నుతాది. ఆ గెడ్డ దిగుడు సూసినావు కదా, అంతా పగిలిపోయిన కాంక్రీటు. బరువు లాగినప్పుడు సక్రం గెంతిందంటే, ఆల వ్యానుతోపాటు మనమూ పోతాం. ఈ నట్టు ఊడదియ్యి."

"అది ఊడదు!"

"పగలగొట్టు."

అతను ఉలీ సుత్తీ తీసుకుని మళ్ళీ దూరాడు.

సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. రేఖ టార్చి పట్టుకుని తడినేల మీద బోర్లా పడుకుంది. ఇంకో చేతిలో ఫోను. లైను కట్ చెయ్యడానికి మనసొప్పలేదు. నీటి హోరులోంచి ఒక ఆడగొంతు వినిపిస్తోంది. "ఏమండీ, నీళ్ళు తలుపు కిందనించి వస్తున్నాయండీ. వయొలిన్ పెట్టె పైకెత్తండి." ఆ గొంతులో ఏడుపు లేదు. అందుకే రేఖ టార్చి ఇంకాస్త ముందుకు జరిపింది. తాను చేస్తున్నది తెలివో మొండితనమో ఆమెకే తెలియలేదు. ఆ ముగ్గురికీ ఏదైనా అయితే, అడిగేవాళ్ళకి షాకబ్జరని చెబుతుందా? 'పోనీ పాతదాంతోనే పోదాం' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కల్వర్టు మీద చేతుల్లో తేలిపోయిన స్టీరింగు గుర్తొచ్చి ఆ మాట మింగేసింది.

"ఎంతవరకు వచ్చింది బావా?"

"మాటాడకు."

ఉలి జారి అతని వేలు చితికింది. రక్తం మోచేతిదాకా కారింది. తుడుచుకోకుండానే ఇంకో దెబ్బ వేశాడు. నట్టు రెండు ముక్కలై, ఒకటి రేఖ భుజానికి తగిలింది. పాతది ఊడిపడింది. కొత్తది పైన తగిలించి, అది సాగకుండా వేసిన కట్టు కోసి, కింద బోల్టు దూర్చి బిగించేసరికి ఇద్దరి మొహాలూ నల్లటి బురదే. స్టాండ్లు లాగి, బండి నేల మీద నిలబడ్డాక బోల్టులు చివరిసారి బిగించి, అతను పక్క సీట్లోకి గెంతాడు.

దారిలో గుంతలున్నాయి. ప్రతి గుంతకీ బండి ఒక్కసారే దిగి ఒక్కసారే నిలబడుతోంది. రేఖ వేగం పెంచింది.

గెడ్డ దగ్గర గట్టంతా జనం. కాజ్‌వే మధ్యన తెల్ల వ్యాను తలుపుల కింది అంచు దాటి నీళ్ళలో, ఒక పక్కకి కొద్దిగా ఒరిగి ఉంది. ఎర్రటి నీరు దాన్ని ఒరుసుకుంటూ పోతోంది. రేఖ పికప్పుని వెనక్కి తిప్పి దిగుడులోకి దించింది. మోహనకృష్ణ నడుముకి తాడు కట్టుకుని రెండో కొస గట్టు మీది మగాళ్ళకిచ్చి, గొలుసు భుజాన వేసుకుని నీట్లోకి దిగాడు. నడుమ ఒకచోట కాలు జారి మోకాళ్ళ మీద పడ్డాడు. రేఖ అద్దంలో అతని తల తప్ప ఇంకేం చూడలేదు. తల లేచింది. చెయ్యి కూడా లేచింది. గొలుసు వ్యానుకి తగులుకుంది.

మొదటి గేరు. క్లచ్చి మీంచి పాదం మెల్లగా తీసింది. గొలుసు బిగిసింది. వెనక చక్రం పగిలిన కాంక్రీటు మీద ఒక్క ఎగురు ఎగిరింది. జనం గొల్లుమన్నారు. ఎగిరిన చక్రం వెంటనే నేలని కరుచుకుంది. వ్యాను కదలలేదు. ఇంజను అరిచింది. "రా తల్లీ, రా," అంది రేఖ, ఎవరితోనో ఆమెకే తెలీదు. వ్యాను జానెడు జరిగింది. ఇంకో జానెడు. అంతే, ఆపకుండా గట్టెక్కేదాకా లాగింది.

ముందు మోహనకృష్ణ నీట్లోంచి బయటపడ్డాడో లేదో చూసుకున్నాకే ఆమె కిందికి దిగింది.

మాష్టారి భార్య చూడామణిగారిని ఇద్దరు ఎత్తి దింపారు. కాలికట్టు తడిసి ముద్దయింది. భావనారాయణ మాష్టారు వయొలిన్ పెట్టె గుండెకి హత్తుకుని వణుకుతూనే గట్టిగా అడిగాడు. "ఇంతసేపా అమ్మా? దగ్గర్లోనే ఉన్నారట కదా! మేం పోయుంటే?"

రేఖ నోరు తెరిచేలోగా మోహనకృష్ణ ముందుకొచ్చాడు. "బండి బాగునేదు బాబూ. బాగుసెయ్యమని ఇది ఎప్పుడో మొత్తుకున్నాది. ఇననోడ్ని నాను. ఆలస్యం నాది."

మాష్టారు ఇంకేదో అనబోయాడు. చూడామణిగారు ఆయన చేతిమీద చెయ్యి వేసి, రేఖని దగ్గరికి రమ్మంది. వచ్చాక చెంగుతో ఆమె మొహం మీది గ్రీజు తుడవబోతే అది ఇంకా పులుముకుంది. ఇద్దరూ నవ్వలేదు. "నీ గొంతు ఫోన్‌లో వినిపిస్తూనే ఉందమ్మా," అంది ఆవిడ. "మొగుడితో ఎంత పోట్లాడావో!"

చీకటి పడేలోగా కాజ్‌వే మీద నీళ్ళు మనిషి ఎత్తున లేచాయి. వ్యాను నిలబడ్డ చోట ఎర్రటి సుడి మాత్రం తిరుగుతోంది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే అన్న ఆలోచన రేఖని చాలా రోజులు వదల్లేదు. పాతదాంతోనే పోయి ఉంటే అన్నదీ వదల్లేదు. ఏది నిజమయ్యేదో చెప్పగలిగేవాళ్ళెవరూ లేరు.

వాన వెలిశాక మోహనకృష్ణ ముందు షాకబ్జర్లు కూడా తెచ్చాడు. ఎవరూ అడగలేదు. వేలికి కట్టు ఉండడంతో పానా సరిగ్గా పట్టుకోలేకపోతున్నాడు.

"జరుగు బావా," అని రేఖ చీరకొంగు నడుముకి దోపుకుని బండి కిందికి దూరింది.