పది పీతల అంచు

నా బయోడేటా మొదటి కాపీని నాన్న రెండు చేతులా పట్టుకుని, వెలుతురుకు పెట్టి చూసి, అంచు లేదన్నాడు. చిక్కపేటలో ఒక హోల్‌సేల్ అంగట్లో ముప్పై ఏళ్ళుగా చీరలు విప్పి చూపించిన మనిషి. అంచు లేనిదేదైనా ఆయన కంటికి మగ్గం మీంచి సగంలో కోసుకొచ్చినట్టే ఉంటుంది.

లోపల రాసిన మాటలు చూస్తే నాకు ఒళ్ళు మండింది. వంటావార్పూ బాగా వచ్చునట. పెళ్ళయ్యాక ఉద్యోగం మానడానికి సమ్మతమేనట. రెండూ నాన్న సొంత కవిత్వం. నాకు ముప్పై ఒకటి. యలహంకలో ఒక ఆఫీసులో పిల్లల పుస్తకాలకు పేజీలు దిద్దే పని చేస్తాను, అది మానే ఉద్దేశం లేదు. వంట సంగతి ఎత్తితే, మీ అమ్మ కూతురివి, రాకుండా ఎక్కడికి పోతుందనేవాడు. అంటూనే అమ్మ చేసిన పులుసులో మజ్జిగ పోసుకునేవాడు. ఆయనకు పప్పులోకీ మజ్జిగే, కూరలోకీ మజ్జిగే. అడిగితే ఒంట్లో వేడి అంటాడు. ఉద్యోగం మాట మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ పేపరు తిరగేశాడు.

అందుకని అంచు నేనే వేశాను. కంప్యూటర్లో బొమ్మల ఫాంటు ఒకటుంటుంది. మామూలు అక్షరాలు కొట్టి ఆ ఫాంటులోకి మారిస్తే ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క గుర్తవుతుంది. మళ్ళీ వెనక్కి మారిస్తే అక్షరాలు తిరిగొస్తాయి. నాకు వంట రాదు, ఉద్యోగం మానను, అని తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి మార్చాను. మొదటి పెద్దక్షరం పుర్రె అయింది. పెళ్ళి కాగితం మీద పుర్రె ఏం బాగుంటుందని చిన్నక్షరం చేస్తే నల్లటి చదరమైంది. వాక్యం చివరి చుక్కలు పోస్టు డబ్బాలయ్యాయి. ఇంగ్లీషు 'ఎ' ఉన్నచోటల్లా కర్కాటక రాశి గుర్తు పడింది. మన మాటలకు ఆ అక్షరం కొదవుండదు గనక వరసకు పది పీతలు తేలాయి. దాన్నే కాగితం నాలుగు పక్కలా తిప్పాను. నాన్న మురిసిపోయి కంచి అంచులాగుందని అమ్మకు చూపించాడు. నోటితో గట్టిగా చెప్పలేక ఇలా చేశానని నాకు సిగ్గుగానే ఉండింది, కాపీలు మాత్రం ఊరంతా వెళ్ళాయి.

హెబ్బగోడి సంబంధం వాళ్ళది సొంతిల్లు. నాన్నకు ఆ సంబంధం మీద ప్రాణం. అబ్బాయి మేనమామ రిటైరైన లెక్కల మాస్టారు, ఇంగ్లీషు పుస్తకాలు చూసి జ్యోతిషం నేర్చుకున్నాడు. ఆయన నా చదువూ ఎత్తూ వదిలేసి అంచు చదివాడు. ఒక్కో పక్కకు పది కర్కాటకాలు, రెండు తులలు, ఒక మకరం లెక్కపెట్టి నాన్నకు ఫోన్ చేశాడు. ఒకే జాతకంలో నలభై కర్కాటకాలు తన అనుభవంలో చూడలేదట. పోస్టు డబ్బా ఏ గ్రహమో తన పుస్తకాల్లో లేదు గానీ కేతువు అయ్యుండొచ్చునట. శాంతి చేయిస్తే ముందుకు పోదామన్నాడు. అవి ఉత్త అంచు స్వామీ అని నాన్న ఎంత చెప్పినా, ఉత్త అంచయితే మకరం ఎందుకొచ్చిందని ఆయన వదల్లేదు.

ఆ పూటే నాన్న పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. నేను మారుస్తానంటే, నువ్వు వేస్తేనే కదా పీతలొచ్చినాయని నన్ను వెంటబెట్టుకుని పాత యలహంకలోని డీటీపీ అంగడికి తీసుకెళ్ళాడు. ఆ అంగడతనిది కన్నడం కలిసిన తెలుగు. తెర మీద అంచును ఒకసారి చూసి, "ఇది డిజైన్ కాదు సార్, అక్షరాలు ఉండాయి," అని మొత్తం సెలెక్ట్ చేసి మామూలు ఫాంటుకు మార్చేశాడు.

నాన్న తల వంచి పైది చదివాడు, మెడ తిప్పి పక్కవి చదివాడు. కింది వరస తలకిందులుగా ఉంటే అంగడతను దాన్ని కూడా తిప్పి చూపించాడు.

"నాలుగు పక్కలా రాసినావు కదమ్మా," అన్నాడు నాన్న. "ఒక తూరి నోటితో చెప్పింటే చాలదా?"

"మూడు తూర్లు చెప్పబోయినా. నువ్వు పేపరు తిప్పినావు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నన్ను ఇంటికి వెళ్ళమని తను అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి హెబ్బగోడికి తనే ఫోన్ చేశాడు. శాంతి చేయించేది లేదనీ, పిల్లకు వంట రాదనీ, ఉద్యోగం మానదనీ వరసగా చెప్పాడు. ఆలోచించి చెప్తామన్నవాళ్ళు మళ్ళీ పలకలేదు. ఆ సంబంధం పోయినందుకు నాకు ఏడుపు రాలేదు, నాన్న గొంతు అంత నిబ్బరంగా వినబడినందుకు వచ్చింది.

మర్నాడు భోజనాల దగ్గర కొత్త బయోడేటా నా ముందు పెట్టాడు. ఉద్యోగం మానదు, వంట రాదు, అని నడిమధ్యలో లావుపాటి తెలుగు అక్షరాల్లో ఉంది. అంచు మాత్రం మళ్ళీ ఉంది, అయితే నాది కాదు. పీతలు తగ్గి, ముందు లేని వృశ్చిక రాశి తేళ్ళు చేరాయి. చిన్నక్షరాల కిటుకు ఆయనకు తెలియదు గనక మొదట్లో బాంబు, మధ్యలో పుర్రె అలాగే ఉన్నాయి. నేను కంప్యూటర్ దగ్గరికి పోయి, పెన్‌డ్రైవ్ పెట్టి ఆ వరసను వెనక్కి మార్చి చదివాను.

మీ అమ్మకూ రాదు. నేను ఎవరికీ చెప్పలేదు.

తిరిగొచ్చి కూర్చున్నాను. తన కూతురికి వంట రాదని అచ్చు వేయిస్తే తన పరువేం కావాలని అమ్మ పులుసు వడ్డిస్తూ గొణుగుతోంది. కాగితం వేలితో తాకి, ఈ తేళ్ళూ బాంబులూ ఏంటివని నన్నడిగింది.

నాన్న తలెత్తలేదు. మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

"ఉత్త అంచు లేమ్మా," అన్నాను. ఆయన పోసుకున్నాక గిన్నె అందుకుని నేనూ పోసుకున్నాను.